గొంతు చూసి తెచ్చిన కోడలు

గోదావరికి ఆనకట్ట కట్టి, కోనసీమ పొలాలకు కాలువ నీరు పారిన కొత్త రోజులవి. పంట ఇంటికి చేరితే ఊరూరా కథలు చెప్పించుకునేవారు. ముక్తేశ్వరం వీరన్న తంబుర పట్టాడంటే అమలాపురం నుంచి కూడా బళ్లు కట్టుకుని వచ్చేవారు. అతనికి వంత పాడేది భార్య. ఆ ఇంటి ఆనవాయితీ అది.

ఆ పొద్దున వీరన్న తల్లి లోవమ్మ, కోడలు నాగమణికి మిరియాల కషాయం కాచి ఇచ్చింది. నాగమణి తాగి ఒక చరణం ఎత్తుకుంది. పై స్థాయికి వెళ్లేసరికి గొంతు జీరబోయి ఆగిపోయింది.

"ఇంకోమారు పాడమ్మా."

"రావట్లేదండీ అత్తా" అంది నాగమణి తల వంచుకుని.

అరుగు మీద కూర్చున్న వీరన్న విన్నాడు. "రేపు పెద్దల్ని పిలుస్తానమ్మా. సఖినేటిపల్లిలో ఓ పిల్ల ఉందంట. గొంతు గంటలా ఉంటుందంట" అన్నాడు. కుంటి ఎద్దును సంతకు తోలుకెళ్దామన్నంత మామూలుగా అన్నాడు.

కొడుక్కి ఆ మాటలు నేర్పింది లోవమ్మే. మొదటి కోడలు సూర్యావతి గొంతు పురిటి జ్వరంలో పోయింది. బిడ్డా దక్కలేదు. అప్పుడు కులపెద్దల ముందు నిలబడి "దీని నోరు మంచిది కాదండీ, కాపరం సాగదు" అని లోవమ్మ అబద్ధమాడింది. పెద్దలు గడ్డిపుల్ల విరిచి ఆలుమగల చేతుల్లో చెరో ముక్కా పెట్టారు. అంతటితో తెగతెంపులు. సూర్యావతి ఒక్క మాటైనా ఎదురాడకుండా పుట్టింటికి నడిచి వెళ్లిపోయింది. నోరు చెడ్డదైతే అలా వెళుతుందా అని ఒక్క పెద్దా అడగలేదు.

ఇక నాగమణికి కడుపు పోయి మంచాన పడి ఉంటే, "కొత్తపేట వాళ్లకి మాటిచ్చేం, లేవమ్మా" అని బతిమాలి లేపింది కూడా తనే. ఒళ్లు కాలిపోతున్నా ఆ పిల్ల కథ ముగిసేదాకా పాడింది. గొంతు పోయింది ఆ రోజే. కొడుకు మాట విన్నాక అదంతా తలుచుకుంటూ ఆ రాత్రి లోవమ్మ నాగమణి మంచం పక్కనే కూర్చుంది.

మర్నాడు కొబ్బరితోటలో చాపలు పరిచారు. కులపెద్ద గడ్డిపుల్ల చేతిలోకి తీసుకుని, "లోవమ్మగారూ, మీ మాటేంటండీ?" అన్నాడు.

"పిల్లలో తప్పు లేదండీ. జ్వరంలో ఉన్నదాన్ని నేనే పాడించేను. సూర్యావతి నోరు చెడ్డదని ఆనాడు మీకు చెప్పింది కూడా అబద్ధమేనండీ."

వీరన్న ముఖం నల్లబడింది. "వంత లేకపోతే కథెలా నడుస్తుందమ్మా?"

"నా గొంతు పోయిననాడు మీ నాన్న నన్ను గెంటేయలేదురా. మేనల్లుణ్ణి వంతకు పెట్టుకున్నారు. నీ గొంతూ ఏదో ఒకనాటికి పోతుంది. నీకప్పుడు పుల్ల ఎవరు విరవాలి?"

కులపెద్ద పుల్ల కింద పెట్టేశాడు. వీరన్న అలిగి ఇల్లు విడిచి వెళ్లాడు గాని, కోతల వేళకి పినతండ్రి కొడుకుని వంతకు కుదుర్చుకుని నాగమణి దగ్గరికే తిరిగొచ్చాడు.

అయినా లోవమ్మ మనసు కుదుటపడలేదు. రాజోలు వెళ్లింది. సూర్యావతి వాకిట్లో కొబ్బరిపీచు తాడు పేనుతోంది. లేచి మంచినీళ్లిచ్చింది.

"నీ మీద నింద వేసేనమ్మా. పెద్దల ముందు ఒప్పుకున్నాను."

"ఆయ్, విన్నానండీ." బొంగురు గొంతుతో నెమ్మదిగా అంది సూర్యావతి. "నింద పోయిందండీ. పోయిన కాపరం ఎవరు తెచ్చిస్తారు?"

లోవమ్మ ఆ నీళ్లు తాగి, చెంగుతో కళ్లొత్తుకుని, వచ్చిన దారినే వెనక్కి నడిచింది.

ఆ తరవాత పాటగాళ్ల ఇళ్ల నుంచి ఎవరైనా కోడలి గొంతు గురించి సలహాకొస్తే, ఆమె తల దించుకునే చెప్పేది: "పాట కోసం పిల్లను తెచ్చుకోకండయ్యా. గొంతు పోయిన ఆడదాన్ని గెంటేసిన ఇల్లు దేవుడి కథ ఎంత బాగా పాడినా, ఆ పాపం కడుక్కోలేదు."