హంసరెక్కల చివరి కుట్టు

కుట్టించుకున్న మనిషే లేకపోయాక, కుట్టు మిగిలిపోయిన బట్ట ఎవరి సొత్తు? బల్లమీద పరచిన తెల్లగౌను ముందు నిలబడి వెర్నా తనను తాను అడిగింది. హోబార్ట్ రేవుగాలి కిటికీ అద్దాన్ని తడుతూనే ఉంది.

నాటకశాలలో రాణులకూ మంత్రగత్తెలకూ దుస్తులు కుట్టిన చేయి ఆమెది. పెళ్లిగౌనులో ఒక్క కుట్టు వదిలేయాలన్నది అక్కడి పెద్దలు నేర్పిన కట్టుబాటు. పెళ్లినాడు, పెళ్లికూతురు గడప దాటబోయే ముందు, ఆమె ఒంటిమీదే దాన్ని వేయాలి. ఈ గౌనుకు ఆ కుట్టు ఎడమ భుజాన మిగిలింది. నల్లహంస ఈకల పైవస్త్రం గౌనుతో కలిసేది అక్కడే. నది ఒడ్డున రాలిన ఈకలను పెళ్లికూతురు టమ్సినే ఏరి తెచ్చింది. పాత కథలో హంసకన్య రెక్కలను మగడు దాచేస్తాడు. అవి దొరికిన నాడు ఆమె ఎగిరిపోతుంది. టమ్సిన్ ఆ వేషంలోనే పెళ్లాడతానంది.

"ఇవి తగిలించుకున్నానంటే ఎగిరిపోతా రోరీ! ముందే దాచిపెట్టుకో" అని కొలతలనాడు పెళ్లికొడుకును ఆటపట్టించింది.

"ఎంత దూరంలే! ఆకలేస్తే నువ్వే దిగొస్తావ్" అన్నాడతను.

పెళ్లిరోజు రాకముందే జ్వరం ఆమెను తీసుకుపోయింది. ఈ మధ్యాహ్నం ఆ గౌనులోనే సమాధి చేస్తారు. గౌను కోసం రోరీ వచ్చాడు.

"ఈకలు నాకిచ్చెయ్యండి వెర్నా. ఆమెకు గౌను చాలు."

"వాళ్లమ్మ మొత్తం పంపమంది కదా నాయనా."

"అంది. కానీ మీరింకా ఆ కుట్టు వేయలేదుగా? వేయకపోతే పెళ్లిరోజు ఇంకా రానట్టే కదా?"

పొద్దుటి నుంచి సూది ముట్టకుండా వెర్నా నిలబడిందీ ఆ వెర్రి ఆశతోనే. వదిలిన కుట్టు రేపటి మీద నమ్మకం. రేపే లేనప్పుడు అది వదలని పిడికిలి. కథలో మగడు దాచిందీ ప్రేమతోనే.

"దాచాక ఆవిడ సుఖంగా ఉందా నాయనా, ఆ కథలో?"

రోరీ ఈకలను నిమిరాడు.

"ఉండటమైతే ఉంది. రోజూ నీళ్లవంకే చూస్తూ ఉంది."

చేయి వెనక్కి తీసుకున్నాడు.

వెర్నా ఇక ఆలోచించలేదు. సూదికి దారం ఎక్కించింది. రెక్కలను భుజానికి చేర్చి చివరి కుట్టు వేసి, ముడి బిగించి, దారం తెంపింది.