అడుగున మిగిలిన మందు

మంచం కింద చెయ్యి పెట్టి నసీమున్నీసా పురుగుమందు డబ్బాను బయటికి లాగింది. వెలుగుకు ఎత్తి పట్టుకుంటే అడుగున కాస్త మందు అటూ ఇటూ కదిలింది. దాక్కున్న పిల్లి దొరికినట్టు ఆమె మొహంలో చిన్న సంతోషం కనిపించింది.

"ఇదేంది పేరయ్యా?"

"నిన్న మిరపకు కొట్టగా మిగిలింది నర్సమ్మా. పారబోయమని మాత్రం చెప్పబాక. అది కొనేటప్పుడు నా ప్రాణం ఎంత ఉసూరుమందో నీకేం తెలుసు!"

"పారబోయమని ఈమధ్య నేనెప్పుడన్నా చెప్పానా? ఆ నోటితోనే అబద్ధాలూ, ఆ నోటితోనే అన్నమూనా!"

పేరయ్య నవ్వేశాడు. నిజమే, ఆమె ఇప్పుడు పారబోయమనదు. కొత్తలో అనేది. ఊరు ఊరంతా తల ఊపేది, ఆమె బస్సెక్కగానే డబ్బా మళ్లీ మంచం కిందికి చేరేది. అంత పోసి కొన్న మందును నేలపాలు చెయ్యడానికి ఏ రైతుకూ చేతులు రావని ఆమెకు తర్వాత తెలిసొచ్చింది. అడుగున మిగిలింది నల్లుల కోసం నులక మంచానికీ, చీమల కోసం ఉప్పు జాడీ చుట్టూ చేరేది. ఆ మంచం మీద పడుకునేది పిల్లలు. ఉప్పు జాడీలో చెయ్యి పెట్టేదీ పిల్లలే. అందుకని ఇప్పుడు ఆమె రైతు పొదుపు మీదకు పోదు, ఆ పొదుపునే ఇంకొంచెం ముందుకు తోస్తుంది.

"డబ్బాలో నీళ్లు పోసి బాగా కుదుపు. ఆ నీళ్లు స్ప్రేయర్‌లో పోసి చేలోనే కొట్టు. మళ్లీ కడుగు, మళ్లీ కొట్టు. చుక్క పోదు. తర్వాత అడుగున మేకుతో చిల్లు పొడిచెయ్. ఇంకెవరూ అందులో నీళ్లు పట్టుకెళ్లరు."

నసీమున్నీసా పొట్టి మనిషి. గుండ్రటి మొహం, ముందు పళ్ల మధ్య సందు, చెమటకు నుదుటికి అంటుకున్న నెరిసిన వెంట్రుకలు. లేత నీలం చీర మీద తెల్లకోటు ఉతికి ఉతికి పలచబడింది. గుంటూరులో పిల్లల ఆసుపత్రిని అంటిపెట్టుకుని ఒక చిన్న విభాగం ఉంది. గాలీ, నీళ్లూ, మందులూ పిల్లలకు చేసే చెరుపును కనిపెట్టి ఆపడం దాని పని. దాని పేరు బోర్డు మీద రెండు వరుసలు పడుతుంది. నల్లపాడులో ఆమె ఇంట్లో మాత్రం దాన్ని 'డబ్బాల ఉద్యోగం' అంటారు. ఆ పేరు పెట్టింది ఆమె భర్త, దర్జీ మీరా హుస్సేన్. సూదిలో దారం ఎక్కించే చూపు పోయాక ఆయన మిషను మానేసి వంటిల్లు పట్టాడు. పొద్దున్నే ఆమెకు క్యారేజీ కట్టేది ఆయనే.

అంతకు ముందు ఆమె పిల్లల వార్డులోనే నర్సుగా చేసేది. ఏటేటా మందు కొట్టే రోజుల్లో నోట నురగతో వచ్చే పిల్లల్ని చూసి చూసి, ఒకరోజు డాక్టర్ త్రినాథ్ దగ్గరికి వెళ్లి, "వాళ్ల గుమ్మం దగ్గరే ఆపితే ఇక్కడి దాకా రారు కదా సార్, నన్ను ఊళ్ల మీదికి పంపండి" అంది. ఆయన పంపాడు. అప్పటినుంచి బస్సులూ, దుమ్మూ, మంచాల కింద వెతుకులాటలూ. జరగకుండా పోయిన దానికి ఎవరూ దండ వెయ్యరు. ఆమెకు దండల మీద పెద్ద మోజూ లేదు. సాయంత్రం బస్సులో కిటికీ పక్కన సీటు దొరికితే చాలు, ఆరోజుకు ఆమె మహారాణి.

"ఇంతేనా మిగిలింది?" అంది లేస్తూ.

"కాస్త వెంకటేశ్వరమ్మత్త పట్టుకపోయింది పొద్దున. మనవరాలికి తలనిండా పేలంట. రేపు హాస్టల్‌కి పంపాల, పేలుంటే రానివ్వరంటగా."

"నూటెనిమిదికి ఫోన్ చెయ్ పేరయ్యా, ఇప్పుడే" అని నసీమున్నీసా సంచీ చంకన పెట్టుకుని పక్కింటికి పరుగెత్తింది.

గడప బయట చెప్పులు విడిచి లోపలికి వెళ్లింది. ఏడేళ్ల తేజశ్రీ తలకు గుడ్డ చుట్టుకుని గోడకు ఆనుకుని కూర్చుంది. నాయనమ్మ వెంకటేశ్వరమ్మ పక్కనే చింతపండు గింజలు తీస్తోంది.

"ఏం రాశావక్కా తలకి?"

"అంత కంగారేంది? నా ముగ్గురు కూతుళ్లకీ ఇట్టాగే రాశా. ఎవరికేమయింది?"

నసీమున్నీసా పిల్ల గడ్డం పట్టి మొహం పైకెత్తింది. కంటిపాపలు ఆవగింజలంత అయిపోయాయి. చల్లటి పూటయినా మెడంతా చెమట. నోటి చివర చొంగ.

"కళ్లు మసగ్గా ఉన్నయ్ నర్సమ్మా" అంది పిల్ల, అదేదో తన తప్పయినట్టు.

ఆమె చేతులకు తొడుగులు వేసుకుని, పిల్లను పెరట్లో బట్టలుతికే బండ మీద కూర్చోబెట్టి, వంటి మీది గౌను విప్పేసింది. ఫోన్ బండ పక్కన పెట్టి త్రినాథ్‌తో మాట్లాడుతూనే సబ్బు నురగ తీసింది.

"ఎంతసేపయింది రాసి?" అన్నాడాయన.

"పొద్దున్నే సార్. జుట్టు నడుం దాకా ఉంది. ఎంత కడిగినా వాసన పోవట్లా."

"అయితే జుట్టు తీసెయ్యండి నసీమున్నీసా గారూ. ఆలస్యం వద్దు. ఇంజక్షన్ సంగతి అంబులెన్సు వాళ్లకు నేను చెప్తా."

చేలో నుంచి అప్పుడే పరుగున వచ్చిన పిల్ల తల్లి నాగజ్యోతి, కూతుర్ని చూసి అక్కడే కూలబడింది. వెంకటేశ్వరమ్మ మాత్రం అడ్డం వచ్చింది. "మంగళగిరి సామికి మొక్కుకున్న జుట్టమ్మా అది! పుట్టింది మొదలు కత్తెర తగల్లా. కొండెక్కి ఇవ్వాల్సింది పెరట్లో కోస్తావా?"

"పిల్లను దక్కించుకుందాం అక్కా. జుట్టు మళ్లీ పెరుగుద్ది. సామికి కోపమొస్తే నా పేరు చెప్పు. నల్లపాడు నసీమున్నీసా కోసిందని చెప్పు."

వెంకటేశ్వరమ్మ ఒక్క క్షణం ఆమె వంక చూసింది. తేజశ్రీకి వాంతి అయింది. ముసలామె గిరుక్కున తిరిగి లోపలికి పోయి కత్తెర తెచ్చింది. "నా చేతుల్తో నేనే రాశానే నర్సమ్మా" అని అక్కడే ఏడ్చేసింది.

"పిల్లని హాస్టల్ గేటు దగ్గర నిలబెట్టేస్తారేమోనని రాశావు. నాకు తెలవదా? నీళ్లు పొయ్యి, పొయ్యి!"

అంబులెన్సు వచ్చేసరికి జుట్టు పోయి తలా ఒళ్లూ శుభ్రమయ్యాయి. పిల్లను దుప్పట్లో చుట్టి ఎత్తుకుని, నాగజ్యోతిని వెంటబెట్టుకుని నసీమున్నీసా ఎక్కేసింది. దారిలోనే ఇంజక్షన్ పడింది. గుంటూరు చేరేదాకా ఆమె పిల్ల అరికాళ్లు రుద్దుతూనే ఉంది.

పొద్దు వాలే వేళకు తేజశ్రీ కంటిపాపలు విచ్చుకున్నాయి. చెమట ఆగింది. గుండు తడుముకుని బిక్కమొహం పెట్టి, తర్వాత, "ఆకలేస్తంది" అంది. ఇంకో రెండు రోజులు చూసి పంపుతామని త్రినాథ్ చెప్పాక నాగజ్యోతి నసీమున్నీసా చెయ్యి పట్టుకుని వదల్లేదు. నసీమున్నీసాకు దాంతోనే కడుపు నిండిపోయింది. పొద్దుటి క్యారేజీ సంచీలో అలాగే ఉందన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది.

ఇంటికి వట్టి కాళ్లతో వచ్చిన భార్యను మీరా హుస్సేన్ ఎగాదిగా చూశాడు. "డబ్బాలు పట్టుకొచ్చే ఉద్యోగం అనుకున్నా. చెప్పులు పంచిపెట్టే ఉద్యోగం కూడానా?"

"వెంకటేశ్వరమ్మక్క ఇంట్లో ఉన్నయ్. ఇప్పుడు పర్చూరు వైపు తిరగాల. అదయ్యాక వెళ్లి తెచ్చుకుంటాలే." చల్లారిన అన్నమే ఇద్దరూ నవ్వుకుంటూ తిన్నారు.

పర్చూరు వైపు పనయింది. మిరప ఎరుపు తిరిగింది. ఒక శుక్రవారం మధ్యాహ్నం, భోజనం చేసి నడుం వాల్చిన నసీమున్నీసా మళ్లీ లేవలేదు. టీ పట్టుకొచ్చిన మీరా హుస్సేన్ ఆమెను రెండుసార్లు పిలిచి, గ్లాసు కింద పెట్టి, పక్కనే కూర్చుండిపోయాడు. నిద్రలోనే గుండె ఆగిందని డాక్టరు అన్నాడు. మొహం ప్రశాంతంగా ఉందని చూసినవాళ్లందరూ చెప్పుకున్నారు.

కబురు తెచ్చింది పేరయ్య. నర్సమ్మ పిల్లను తీసుకెళ్లిన రోజు సాయంత్రమే వెంకటేశ్వరమ్మ ఆ చెప్పులకు అంటిన మట్టి కడిగి, తుడిచి, గడప పక్కన నీడలో పెట్టింది. కోడలు తీసి లోపల దాస్తానంటే ఒప్పుకోలేదు, ఇప్పుడూ ఒప్పుకోలేదు. రోజూ ఊడ్చేటప్పుడు వాటిని ఎత్తి, దుమ్ము దులిపి, మళ్లీ అక్కడే పెడుతుంది. మడమల దగ్గర అరిగిన గోధుమరంగు చెప్పులు, బయటికొచ్చిన మనిషి తిన్నగా కాళ్లు దూర్చుకుని వెళ్లడానికి వీలుగా, వీధి వైపు తిరిగి ఉన్నాయి.