రాణిగారి ఎడమ చెయ్యి

పద్దెనిమిది వందల ఎనభై ఒకటి, జులై పంతొమ్మిది. ఆ మధ్యాహ్నం అన్సెల్మ్ ప్రువో తిన్నది ముందురోజు ఉడికించిన మాంసం ముక్కలు, మీద కాస్త వెనిగర్, పక్కన నాలుగు ఎర్ర ముల్లంగులు. పారిస్ ఎండకి వెన్న కరిగి నూనె అయిపోయింది కాబట్టి రొట్టె ఉత్తదే తిన్నాడు. చెయ్యి కడుక్కుంటుండగా మ్యూజియం గార్డు ఫెర్రాన్ ఐదంతస్తులూ ఎక్కి వచ్చాడు. రాణిగారి కన్ను బుగ్గ మీదికి జారిందని చెప్పి, మంచినీళ్లడిగాడు.

రాణిగారంటే 'క్లియోపాత్రా చివరి విందు'. పన్నెండేళ్ల కిందట గోద్రియోన్ మాస్టారి పేరు మీద వచ్చిన పటం. దానికి పతకం వచ్చింది, దాన్ని ప్రభుత్వం కొన్నది, దాని పుణ్యాన ఆయనకి అకాడమీలో కుర్చీ దొరికింది. పదకొండడుగుల గుడ్డ మీద వెతికినా ఒక్క కుంచె గీత కనపడదు. ఆ నునుపునే కళ అనుకుని జ్యూరీ పెద్దమనుషులు మురిసిపోయారు. రాణికీ, దాసీలకీ, కాళ్ల దగ్గర పడుకున్న చిరుతపులికీ ఒకటే చర్మం, అప్పుడే కాగితం విప్పిన సబ్బులాంటిది.

అందులో మాస్టారు వేసింది ముఖం, మెడ, సంతకం. బట్టలు, పళ్లేలు, చేతులు, పాదాలు, పులి ఆయన దగ్గర సహాయకుడిగా ఉన్న అన్సెల్మ్ వంతు. రాణి వేషంలో కూర్చున్నది అన్సెల్మ్ భార్య నొయెమీ. చేతితొడుగులు కుట్టే మనిషి. ఆమె పోయి తొమ్మిదేళ్లయింది. ఫొటో తీయించుకుందామని ఇద్దరూ రెండుసార్లు బయల్దేరి, రెండుసార్లూ వానకి వెనక్కి తిరిగారు. ఇక ఆమె రూపమంటూ మిగిలింది ఆ పటంలోనే. అందుకే అతను ప్రతి ఆదివారం మ్యూజియానికి వెళ్తాడు. చూడవచ్చిన వాళ్లకి కుర్చీ వెయ్యకూడదని గార్డులకి ఆజ్ఞ ఉంది. ఫెర్రాన్ వేస్తాడు.

కన్ను జారడానికి కారణం తారు. పాత పటాల్లో ఉండే బంగారు మసక తన నీడల్లోనూ ఉండాలని మాస్టారు గోధుమరంగులో తారు కలిపేవాడు. వీధుల్లో పరిచే దానికి అది తోడబుట్టిందే. పైకి ఆరినట్టుంటుంది, లోపల ఏళ్ల తరబడి పచ్చిగానే ఉంటుంది. అన్సెల్మ్ ఆనాడే ఆ మాట చెప్పాడు. గోడలకి సున్నం కొట్టేవాళ్ల సలహాలు తనకి అక్కర్లేదని మాస్టారు జవాబిచ్చాడు.

గది మూసి పటాన్ని దించారు. మాస్టారు కోటుకి ప్రభుత్వం బిరుదుతో ఇచ్చిన ఎర్ర రిబ్బను పెట్టుకుని వచ్చాడు. అకాడమీ మనిషి ముఖానికి నప్పవని కళ్లజోడు పెట్టుకోడు కాబట్టి, మొదట పక్కనున్న వేరే పటం దగ్గర నిలబడి విచారించాడు. ఫెర్రాన్ ఆయన్ని మెల్లిగా ఇవతలికి తిప్పాడు. తప్పు కిటికీలదన్నాడు మాస్టారు. తర్వాత ఎండదన్నాడు. చివరికి ఉపాయం చెప్పాడు.

"తలకిందులుగా నిలబెట్టండి. కన్ను దానంతటదే పైకి పోతుంది."

"దాని వెనకాలే ముక్కు కూడా బయల్దేరితేనో, అయ్యగారూ?" అన్నాడు ఫెర్రాన్, నవ్వకుండా.

అయితే ముఖం మొత్తం గీకేసి శనివారానికల్లా కొత్తది వెయ్యమన్నాడు మాస్టారు. మంత్రిగారి అతిథులు వస్తున్నారు.

అన్సెల్మ్ ఆయనకి ఎదురు చెప్పడం అదే మొదలు. "మాస్టారూ, ఆ ముఖం నొయెమీది. ఆ కన్ను ఒక్కటీ సర్దుతాను, తక్కింది ఉండనివ్వండి."

"ఎవరిదీ? ఆ కుట్టుపని మనిషిదా? ఏమయ్యా, ఆవిడ ముక్కు నేను దిద్దాను, గడ్డం నేను దిద్దాను. కళ్లు గ్రీకు బొమ్మవి. ఇందులో ఆవిడది ఏముంది?"

అన్సెల్మ్ పటం కేసి చూశాడు. మాస్టారు జన్మలో పలికిన నిజం బహుశా అదొక్కటే. నొయెమీ ముక్కు కొంచెం ఎడమకి వంగి ఉండేది. తొమ్మిదేళ్లుగా అతను ఏ ఆదివారానికి ఆ ఆదివారం ఆ వంపుని తనే తెచ్చి అక్కడ పెట్టుకుంటున్నాడు.

మాస్టారు ఇంకా వంగి, ముక్కు గుడ్డకి తగిలేంత దగ్గరగా, పళ్లెం అంచు మీదున్న రాణి ఎడమ చేతిని పరీక్షించాడు. ఎక్కడా పగుల్లేదు.

"చూశావా? నా చెయ్యి పడ్డచోట ఎలా నిలిచిందో. దీన్ని మాత్రం ముట్టుకోకు."

ఫెర్రాన్ దగ్గొచ్చినట్టు అటు తిరిగాడు. ఆ చేతిలో తారు లేదు. అన్సెల్మ్ తెల్లసీసం రంగుతో వేసిన చెయ్యి అది. బొటనవేలి మీద సూది నొక్కి నొక్కి కాయకట్టిన చోటు ఉంది. రాణులకి కాయలుండవు, చెరిపెయ్యమని మాస్టారు ఆనాడు ఆజ్ఞాపిస్తే, అలాగేనని తల ఊపి వదిలేశాడు. కళ్లజోడు పెట్టుకోని పెద్దమనిషికి కాయ ఉందో లేదో ఎలా తెలుస్తుంది?

ముఖం గీకి కొత్తది వెయ్యడానికి అన్సెల్మ్‌కి మూడు రోజులు పట్టింది. గ్రీకు ప్లాస్టరు బొమ్మని ఎదురుగా పెట్టుకుని, దానిలాగే ఎవరినీ పోలని సబ్బు ముఖం ఒకటి వేశాడు. మాస్టారు వచ్చి దాని కింద మళ్లీ సంతకం పెట్టి వెళ్లాడు.

శుక్రవారం సాయంత్రం పటం గోడకెక్కింది. ఫెర్రాన్ కుర్చీ తెచ్చాడు. ఎప్పటిలా మధ్యలో కాకుండా ఎడమ చేతికి ఎదురుగా వేశాడు. మూసే వేళ దాటినా తాళాలు చప్పుడు కాకుండా గుప్పిట్లో పట్టుకుని గోడ వారగా నిలబడ్డాడు. చివరికి అన్సెల్మే లేచాడు.

"ఆదివారం వస్తాను."

"కుర్చీ ఇక్కడే ఉంచుతాను, ప్రువో గారూ."

అతను మెట్లు దిగేదాకా ఆగి, ఫెర్రాన్ మెల్లిగా తలుపు మూశాడు.