ఉత్తుత్తి దెబ్బలు

అచ్చిబాబు పేటలోకి వచ్చాడంటే ఎలక్షన్లయినా ఉండాలి, ఎవరైనా పోయైనా ఉండాలి. ఆ రోజు రెండూ లేవు. అందుకని యెహెజ్కేలు అరుగు మీంచి లేవలేదు. కత్తితో సరుగుడు కర్ర చెక్కుతున్నవాడు చెక్కుతూనే ఉన్నాడు.

దిబ్బపాలెంలో రోడ్డుకి ఇటు ఊరు, అటు పేట. పేట దాటితే సరుగుడు తోటలు, తోటలు దాటితే సముద్రం. ఊళ్ళో ఉండేది రైతులు, పేటలో ఉండేది లూథరన్ చర్చివాళ్ళు. తోటల్లో సగం అచ్చిబాబువి. మిగతా సగం ప్రభుత్వానిదని కాగితాల్లో ఉంది గానీ, కొట్టి అమ్ముకునేది మాత్రం ఆయనే. అచ్చిబాబు వెనకాల వి.ఆర్.వో. వెంకటరమణ చంకలో ఫైలుతో చెమటలు కక్కుతూ వచ్చాడు.

"ఏమయ్యా యెహెజ్కేలూ, బావున్నావా?" అన్నాడు అచ్చిబాబు.

"ఉన్నానండి."

"పాపాయమ్మ కాలెలా ఉంది?"

"ఉందండి."

ఇంతకంటే మాటలు రావని ఇద్దరికీ తెలుసు. వెంకటరమణే అందుకున్నాడు. "పెద్దాయనా, నేవీ వాళ్ళూ ఆర్మీ వాళ్ళూ ఫారిన్ వాళ్ళూ కలిసి మన బీచిలో ప్రాక్టీసు చేస్తున్నారు. మన ఊరికి తుఫానొచ్చిందనుకోవాలి. జనానికి దెబ్బలు తగిలాయనుకోవాలి. అప్పుడు సముద్రంలోంచి హోవర్‌క్రాఫ్ట్ అని ఒకటొస్తుంది. అది నీళ్ళ మీదా పోతుంది, నేల మీదా పోతుంది."

"కప్ప కూడా పోతుందండి," అన్నాడు యెహెజ్కేలు.

వెంకటరమణ నవ్వబోయి, అచ్చిబాబు మొహం చూసి మానేశాడు. "సరే, విషయం ఏంటంటే, దెబ్బలు తగిలినవాళ్ళు పదిమంది కావాలి. ఇసుకలో పడుకుంటే చాలు. జవాన్లు స్ట్రెచరు మీద మోసుకెళ్ళి గుడారంలో డాక్టరుకి చూపిస్తారు. తర్వాత ఓడ ఎక్కిస్తారు, మళ్ళీ దింపేస్తారు. ఫొటోలు తీస్తారు. బిర్యానీ ప్యాకెట్టు ఇస్తారు."

"ఊళ్ళో లేరాండి మనుషులు?"

అచ్చిబాబు గొంతు సవరించుకున్నాడు. "లేకేం. బతికుండగా నలుగురు మోస్తే అరిష్టమంటున్నారు. ఆడవాళ్ళు ఒప్పుకోవట్లేదు. మీకైతే శకునాలూ అవీ ఉండవు కదా."

యెహెజ్కేలు కర్ర తిప్పి రెండో వైపు చెక్కడం మొదలుపెట్టాడు. శకునాలు లేకపోవడమేమిటి. ఊళ్ళోవాళ్ళు పిల్లి ఎదురొస్తే ఆగుతారు. పేటవాళ్ళు పిల్లి ఎదురొస్తే ప్రార్థన చేసుకుని ఆగుతారు. అంతే తేడా. నిజం తుఫాను వచ్చిన ఏడు ఈ అచ్చిబాబు డాబా మీద ఊరంతా నిలబడింది, పేటవాళ్ళు చర్చి కప్పు మీద నిలబడ్డారు. ఆ రోజు ఏ ఓడా రాలేదు. ఇప్పుడు ఎండ కాస్తూంటే వస్తుందిట.

అనుకున్నాడే గానీ అనలేదు. లోపల్నించి పెళ్ళాం పాపాయమ్మ గొంతు వినిపించింది.

"నేనొస్తానని చెప్పు."

యెహెజ్కేలు చేతిలో కత్తి ఆగింది.

పాపాయమ్మకి సుగరుంది. తోటలో ఆకు ఊడుస్తుండగా సరుగుడు మోడు కుడికాలి బొటనవేలికి గుచ్చుకుంది. పండగ ముందు గుచ్చుకున్నది పండగ వెళ్ళినా మానలేదు. ముందు ఎర్రబడింది, తర్వాత నల్లబడింది, ఇప్పుడు గుడ్డ విప్పితే ఈగలొస్తున్నాయి. ఆర్.ఎం.పి. కట్టు కట్టి, ఇక నా వల్ల కాదు, కాకినాడ పెద్దాసుపత్రికి తీసుకెళ్ళమన్నాడు. ఆవిడ వెళ్ళనంది. ఆవిడ అక్క తబితకి ఇలాగే అయింది. ఇలాగే ఆలస్యం చేసి, కాలంతా విషం ఎక్కాక వెళ్తే మోకాలిదాకా తీసేశారు. కాలు లేకుండా ఇంటికొచ్చింది, మళ్ళీ శ్రావణం చూడలేదు. ఆలస్యం చెయ్యడం తప్పని పాపాయమ్మ అనుకోలేదు. వెళ్ళడమే తప్పనుకుంది.

"ఒక కాలు ముందూ ఒళ్ళు తర్వాతా పూడ్చుకోవడానికి నేనేమన్నా కందదుంపనా? కడబూర మోగిన రోజున సమాధుల్లోంచి అందరూ లేచి నడుస్తుంటే నేను కుంటుకుంటూ వెనకబడాలా?" అనేది. యెహెజ్కేలు ఒకసారి చెప్పి చూశాడు. రెండోసారి చెప్పడం అతనికి చేతకాదు. ఆ చేతకానితనం వల్ల రోజూ పొద్దున్నే గుడ్డ మార్చడం, ఆ వాసన పీల్చడం, కాలు ఇంకాస్త పైదాకా వాచిందని చూడడం అతని వంతయింది.

ఆస్పత్రి అంటే మొహం తిప్పుకునే మనిషి ఈ వేషానికి ఒప్పుకుంది.

వాళ్ళిద్దరూ వెళ్ళాక అడిగాడు. "ఎందుకే?"

"పెళ్ళయినకాడ్నించి నీళ్ళూ కట్టెలూ పిల్లలూ, అన్నీ నేనే మోశాను. ఒక్కసారి నన్నెవరన్నా మోస్తే ఎలా ఉంటుందో చూస్తాను. ఓడ కూడా ఎక్కిస్తారంట. సముద్రం పక్కన పుట్టి సముద్రం మీదికి వెళ్ళలేదంటే దేవుడు నవ్వుతాడు."

గుడారంలో డాక్టరు ఉంటాడన్న మాట ఒక్కటే యెహెజ్కేలు చెవిలో మిగిలింది.

ప్రాక్టీసు రోజు పొద్దున్నే బీచి పెళ్ళివారిల్లులా ఉంది. షామియానా, కుర్చీలు, మైకు. ఇసుకలో చక్రాలు దిగబడకుండా తోటల్లోంచి దారి పొడుగునా ఇనప రేకులు పరిచి, ఆ దారినే తెల్లటి అంబులెన్సు తెచ్చి, దండ వేసి నిలబెట్టారు. దాని పక్కన వీర జవాన్లకు స్వాగతమంటూ పెద్ద ఫ్లెక్సీ. అందులో జవాన్లు అగ్గిపెట్టంత ఉన్నారు, అచ్చిబాబు తలుపంత ఉన్నాడు.

తుఫాను బాధితులు చిరిగిన బట్టలతో రావాలని వెంకటరమణ ముందే చెప్పాడు. ఫొటోలు తీస్తారని కూడా చెప్పాడు. రెండోదే గుర్తుంది జనానికి. ఆడవాళ్ళు పట్టుచీరలు కట్టుకొచ్చారు, మగవాళ్ళు ఇస్త్రీ చొక్కాలు వేసుకొచ్చారు. పాపాయమ్మ చర్చిలో రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే సంస్కారపు ఆదివారాలకి దాచుకున్న తెల్లచీర కట్టుకుని ఆటో దిగింది. కుడికాలు గుడ్డసంచిలో ఉంది. నేవీ ఆఫీసరొకడు ఈ బాధితుల్ని చూసి నోరు తెరిచి, మళ్ళీ మూసుకున్నాడు.

తలా ఒక అట్టముక్క మెళ్ళో వేశారు. దాని మీద ఎవరికి ఏ దెబ్బ తగిలిందో రాసుంది. పాపాయమ్మకి చెయ్యి విరిగింది. బాగున్న చేతికి దూది పెట్టి కట్టు కట్టి, దాని మీద ఎర్రరంగు పోశారు. తాడుకి ఇవతల నిలబడ్డ యెహెజ్కేలు చూశాడు. చెయ్యి అని రాసుంటే చెయ్యే చూస్తారు. చెయ్యి చూసి, బిర్యానీ ఇచ్చి, ఇంటికి పంపుతారు.

అతను వెంకటరమణ దగ్గరికి వెళ్ళాడు. "కాలు అని రాయండి."

"ఏంటి?"

"చెయ్యి కాదండి. కాలు అని రాయండి. నిజంగానే పుండుంది."

"అయ్యో పెద్దాయనా, ఢిల్లీ నుంచి వచ్చిన ప్లానులో చెయ్యి అని ఉంది. కాలు వేరేవాళ్ళకిచ్చేశాం. ఇప్పుడు మారిస్తే లెక్క తప్పుతుంది."

యెహెజ్కేలు అతన్ని కింది నుంచి పైదాకా ఒకసారి చూశాడు. చేపల సంతలో మెత్తబడ్డ చేపని చూసే చూపు అది. తాడు దగ్గరికి తిరిగొచ్చేశాడు.

ముందు సముద్రం అంచున తెల్లటి పొగలాంటిది లేచింది. తర్వాత రొద. వరికోత మిషన్లన్నీ ఒక్క కళ్ళంలో స్టార్టు చేసినట్టు. దగ్గరికొస్తున్నకొద్దీ తెలిసింది, నల్లటి రబ్బరు పరుపు మీద రేకుల షెడ్డు పెట్టి, వెనకాల ఇంటంత ఫ్యాన్లు రెండు బిగించినట్టు ఉంది. కెరటం దగ్గర ఆగలేదు. ఆగాల్సినచోట ఆగకపోవడమే దాని గొప్పట. ఉప్పునీళ్ళూ ఇసుకా కలిపి జనం మొహాన కొడుతూ గట్టెక్కింది.

షామియానా గాల్లోకి లేచింది. కుర్చీలు ఒకదాన్నొకటి తరుముకుంటూ తోటల్లోకి పోయాయి. ఫ్లెక్సీ కర్రలతో సహా పెకిలి, రెండు పల్టీలు కొట్టి, సరుగుడు చెట్ల మధ్య తలకిందులుగా చిక్కుకుంది.

ఇసుకలో పడుకున్న బాధితులు లేచారు. కాలు విరిగినవాడు అందరికంటే ముందు పరిగెత్తాడు. తలకి దెబ్బ తగిలి స్పృహ లేనివాడు చెప్పులు మర్చిపోకుండా చేత్తో పట్టుకుని పరిగెత్తాడు. ఊపిరాడని ఆవిడ దేవుడా దేవుడా అని కేకలు పెడుతూ పట్టుచీర మోకాళ్ళదాకా ఎత్తి పరిగెత్తింది. తుఫాను మొత్తం తుడిచిపెట్టుకుపోయినట్టు బీచి ఖాళీ అయింది.

పాపాయమ్మ ఒక్కతే మిగిలింది. పరిగెత్తడానికి ఆవిడకి కాలు లేదు. కొంగు మొహాన కప్పుకుని, ఒంటి మీద ఇసుక పడుతుంటే కదలకుండా పడుకుంది.

రొద ఆగింది. పరుపులో గాలి పోయి ఓడ ఇసుక మీద చతికిలబడింది. ముందున్న తలుపు కిందికి దిగింది. లోపల్నించి జీపులూ జవాన్లూ దిగి, కాపాడ్డానికి మనుషుల కోసం అటూ ఇటూ చూశారు. ఒక్కటే మనిషి. నలుగురు స్ట్రెచరు మీద ఎక్కించి ఎత్తారు.

"చూశారా, ఒక్క పాపాయమ్మ బాగా యాక్ట్ చేసింది," అన్నాడు అచ్చిబాబు, నోట్లో ఇసుక ఉమ్ముతూ.

గుడారంలో ఆర్మీ డాక్టరమ్మ ముందు చేతి కట్టే చూసింది. తర్వాత ముక్కు ఎగబీల్చింది. రంగుకి ఆ వాసన ఉండదు. వంగి కాలి గుడ్డసంచి విప్పింది.

వెంకటరమణ గబగబా వచ్చాడు. "మేడమ్, పేషెంట్‌కి హ్యాండ్ అండి. లెగ్ కాదు."

ఆవిడ అతని వైపు చూడను కూడా లేదు. హిందీలో ఏదో చెప్పింది. పక్కనున్న జవాను శ్రీకాకుళం కుర్రాడు, పేరు రాజ్ కుమార్. వాడు మోకాళ్ళ మీద కూర్చుని తెలుగులో చెప్పాడు. "మామ్మా, ఇవాళే ఆస్పత్రికెళ్తే బొటనవేలుతో పోవచ్చంటున్నారు. ఇంకా ఆగితే పైకి పాకిపోద్దంట. ప్రాణానికే మోసమంట."

"ఇది ఉత్తుత్తిది కదా బాబూ," అంది పాపాయమ్మ. "నాకు చెయ్యి విరిగింది. మెళ్ళో చూడు."

"ఓడ మీద కుదరదు గానీ, అంబులెన్సు బయటే ఉందంటున్నారు."

అప్పుడు అచ్చిబాబు గుడారంలోకి తల పెట్టాడు. "ఆ బండి కదపడానికి లేదండి. పెద్దాఫీసర్లింకా చూడలేదు. వాళ్ళొచ్చాక బాధితుల్ని అందులో ఎక్కించాలి. అది చివరి అంశం."

రాజ్ కుమార్ అది డాక్టరమ్మకి చెప్పాడు. ఆవిడ చేతి తొడుగులు విప్పుతూ ఒక్క మాటంది. వాడు అచ్చిబాబుకి తిప్పి చెప్పాడు. "బండి ఆటకొచ్చిందా, రోగికొచ్చిందా అని అడుగుతున్నారండి."

అచ్చిబాబు తల వెనక్కి తీసుకున్నాడు.

బండి దొరికింది గానీ, రోగి దొరకలేదు. "నన్ను ఇంటికి దింపెయ్యండి," అంది పాపాయమ్మ. స్ట్రెచరు రెండు వైపులా గట్టిగా పట్టుకుంది. డాక్టరమ్మ చెప్పింది, రాజ్ కుమార్ బతిమాలాడు. ఆవిడ కళ్ళు మూసుకుంది. అక్క కాలు గుర్తొచ్చిందని యెహెజ్కేలుకి తెలుసు. తాడు దాటి గుడారం వాకిట్లో అప్పటికే నిలబడి ఉన్నాడతను. ఎవరూ అడ్డు చెప్పలేదు. అక్కడ అడ్డుచెప్పేవాళ్ళంతా కుర్చీలేరుకుంటున్నారు.

"నువ్వేం మాట్లాడవేం?" అంది ఆవిడ కళ్ళు తెరవకుండానే.

యెహెజ్కేలు స్ట్రెచరు పక్కన గొంతుకూర్చున్నాడు. కాసేపు ఇసుక గీకాడు.

"వేలు అడిగి తెచ్చుకుంటాను," అన్నాడు. "మన సమాధుల దొడ్లో, నీ చోటులోనే పూడుస్తాను. ఎక్కడ పూడ్చానో నాకు గుర్తుంటుంది. బూర మోగగానే ముందు అదే తవ్వి నీ చేతికిస్తాను. పెట్టుకుని నడువు."

పాపాయమ్మ కళ్ళు తెరిచింది. "నీకా? గుర్తా? గొడుగే చర్చిలో మర్చిపోతావు."

"గొడుగు నాది. అందుకని మర్చిపోతాను."

ఆవిడ స్ట్రెచరు పట్టు వదిలి గుడారం కప్పు వంక చూసింది. గుడ్డ టపటపా కొట్టుకుంటోంది.

"కుక్కలు లాగకుండా లోతుగా తవ్వాలి."

"తవ్వుతాను."

"వేలొక్కటే. ఆపైన చెయ్యి వేస్తే లేచొచ్చేస్తానని ఆ అమ్మతో చెప్పు బాబూ."

రాజ్ కుమార్ చెప్పాడు. డాక్టరమ్మ పెద్దాసుపత్రికి తనే ఫోను చేసింది. నలుగురు జవాన్లు స్ట్రెచరు ఎత్తారు. దండతో ఉన్న అంబులెన్సు దండతోనే కదిలింది. యెహెజ్కేలు ఆవిడ చెప్పులు చేత్తో పట్టుకుని ఎక్కాడు. వెనకాల మైకులో ఎవరో, బాధితులందరినీ విజయవంతంగా కాపాడడం జరిగిందని చెబుతున్నారు. బాధితులు బిర్యానీ ప్యాకెట్ల దగ్గర లైనులో ఉన్నారు.

"ఓడ ఎక్కించకుండానే పంపేశారు," అంది పాపాయమ్మ దారిలో. "దొంగమాటలు."

వేలుతోనే పోయింది. డాక్టర్లు కాలు కాపాడారు, తిట్టి మరీ కాపాడారు.

యెహెజ్కేలు ఆస్పత్రివాళ్ళని అడిగి, సంతకం బదులు వేలిముద్ర వేసి, వేలున్న పసుపుపచ్చ సంచి తెచ్చుకున్నాడు. బీచిలో షామియానా లేదు, ఓడ లేదు. రబ్బరు పరుపు ఈడ్చుకుపోయిన జాడని కూడా కెరటం సగం నాకేసింది. సమాధుల దొడ్లో తవ్వుతుంటే జేబులో ఫోను మోగింది.

"ఎంత లోతు తవ్వావు?" అంది పాపాయమ్మ ఆస్పత్రి మంచం మీంచి.

"నడుందాకా."

"ఇంకొంచెం తవ్వు. పైన ఏదన్నా కప్పు. వట్టి ఇసుకైతే కుక్కలు ఆగవు."

చుట్టూ చూశాడు. సరుగుడు చెట్ల మధ్య ఫ్లెక్సీ ఇంకా తలకిందులుగానే వేలాడుతోంది. ఎవరూ తీసుకెళ్ళలేదు. వెళ్ళి కత్తితో కావలసినంత కోసుకొచ్చాడు. కోసిన ముక్కలో అచ్చిబాబు మొహం వచ్చింది. చింకిగుడ్డకి ఉన్న పని కూడా ఇన్నాళ్ళూ ఆ మొహానికి లేదు, ఇవాళ దొరికింది. వేలుని గోతిలో పెట్టి, మొహం కిందికి వచ్చేలా దాని మీద పరిచి, మీద ఇసుక లాగి, రాయి పెట్టాడు.

"కప్పావా?" అంది ఫోనులో.

"కప్పాను."

"దేంతో?"

"ఉందిలే ఒకటి. ఉత్తుత్తిదే. కానీ గట్టిది."