రేకుల మీది సొరపాదు

వ్యాసర్పాడి రైలు యార్డు గోడ వెనక వీధిలో ప్రతి రేకుల ఇంటికీ సొరపాదు పాకిందంటే ఆ పుణ్యమంతా సత్యభామదే. ఎండాకాలం ఆ రేకుల కింద కూచుంటే మనిషి వేపుడైపోడూ మరి! ఆమె ఇంటి చల్లదనం చూసి ఇరుగూపొరుగూ గింజలు అడిగి పట్టుకెళ్ళారు. చూస్తుండగానే వీధంతా పచ్చగా కమ్ముకుపోయింది.

అదే కొంప ముంచింది. ఓ పొద్దున భరణి అనే సర్వే మనిషి వచ్చి, ఫోన్ వంకా ఇళ్ళ వంకా మార్చి మార్చి చూశాడు. అతని మొహాన నెత్తురుచుక్క లేదు.

"అక్కా, ఈడ ఇళ్ళుండాయా?"

"లేకుంటే మేమేమన్నా దెయ్యాలమా తంబీ?" అని నవ్వింది సత్యభామ.

అతను ఫోన్ చూపించాడు. ఉపగ్రహం పైనుంచి తీసిన ఫోటో అట. యార్డు గోడ ఉంది, పట్టాలున్నాయి. తమ వీధి ఉండాల్సిన చోట మాత్రం ఒట్టి పచ్చటి పొద, దాని చుట్టూ ఎర్రగీత. ఖాళీ జాగాలు వెతికే కంపెనీ కంప్యూటర్ దాన్ని బీడని తేల్చేసింది. వచ్చే వారం యంత్రాలతో చదును చేస్తారు.

సత్యభామ గుమ్మంలోంచి తొంగి చూసింది. లోపల ఉయ్యాల్లో మనవరాలు నిద్రపోతోంది.

"రేషన్ కార్డులుండాయి గదా, చూపిస్తే?"

"వాళ్ళు ఫోటోనే నమ్ముతారక్కా. ఎల్లుండి ఇంకోటి తీస్తారు. పాదులు పీకేయండి, అందులో ఇళ్ళు కనబడితే ఆపుతారేమో."

ఇంకేముంది, వీధి వీధంతా రేకుల మీదికెక్కింది. పక్కింటి లూర్దుమేరి ఏడుస్తూనే పీకింది. పూతా పిందే ఉన్న పాదుని పీకడమంటే మాటలా! తీగెలన్నీ గోడ పక్కన కుప్పేశారు. ఇళ్ళు పొయ్యిలయ్యాయి, పసిదానికి ఒళ్ళంతా చెమటకాయలు. అయినా అందరూ ఆకాశం వంకే చూశారు. ఎక్కడ మబ్బు అడ్డమొస్తుందోనని, ఎన్నడూ లేంది, వాన రావద్దని మొక్కుకున్నారు.

ఫోటో దివ్యంగా వచ్చింది. రేకులన్నీ తళతళా మెరిసిపోతున్నాయి. సత్యభామ రెండు చేతులూ జోడించింది. భరణి మాత్రం తలెత్తలేదు.

"పాత ఫోటోలో ఇళ్ళు లేవు, కొత్తదాంట్లో ఉండాయి. రాత్రికి రాత్రి ఆక్రమించుకున్నారని తేల్చేసినారక్కా. వచ్చే వారం దాకా ఆగరంట. రేపే వస్తారు."

"పీకమన్నది నువ్వే గదరా!"

"నేనే అక్కా."

పెనం మీంచి పొయ్యిలో పడ్డట్టయింది. సత్యభామ గోడ దగ్గరికి పరిగెత్తి, కుప్పలోంచి తీగె పట్టుకుని ఇంటి మీదికి ఈడవసాగింది.

"కప్పేద్దాం రాండే! మళ్ళీ కనబడకుండా కప్పేద్దాం!"

ఎవరూ కదల్లేదు. ఎండిన ఆకులు ఆమె చేతుల్లో పొడిపొడిగా రాలుతున్నాయి. లోపల పసిది ఉక్కకి తాళలేక ఏడుస్తోంది. ఆకుల్లేని తీగెల్నే ఆమె రేకుల మీద పరుస్తోంది.