విప్పిన ఊలుతో వలయం

చీపురు గొప్పతనం గురించి మా ఆయన హాల్లో ఉపన్యాసం సాధన చేసుకుంటుంటే నేను ఆయన కుర్చీ కింద ఊడుస్తున్నాను. "విక్కా మతంలో చీపురు పవిత్రమైన వస్తువు. పూజ మొదలుపెట్టే ముందు ఆ చోట ఉన్న చెడునంతా చీపురుతో ఊడ్చేస్తారు. గమనించండి, దుమ్ముని కాదు, చెడుని," అని గోడ గడియారానికి చెప్పి, నా చీపురు తగలకుండా కాళ్ళు పైకెత్తారు. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఇంటి పనిలో ఆయన వంతు అదే.

సోఫాలో బట్టలు మడతపెడుతున్న మా అత్తయ్య తలెత్తింది. "చీపురెక్కి ఎగురుతారంటారు కదరా ఆ మంత్రగత్తెలు. అదే నిజమైతే నేనూ నీ పెళ్ళామూ ఎప్పుడో ఎగిరిపోయుండేవాళ్ళం."

"అమ్మా, ఇది నవ్వులాట కాదు. స్త్రీని దేవతగా కొలిచే మతం," అన్నారాయన. అని, పక్కనున్న కప్పు ఎత్తి ఒక గుక్క తాగి నా వైపు చూశారు. "చక్కెర తక్కువైంది."

ఆయన కాలేజీలో మతాల చరిత్ర చెప్తారు. లైబ్రరీ వాళ్ళు ఏటా ఆయన చేత ఒక బహిరంగ ఉపన్యాసం ఇప్పిస్తారు. ఈసారి విషయం విక్కా, మిగతా మతాలతో దాని పోలిక. ఆయన నడుస్తూ చెప్తారు, నేను కూర్చుని టైపు చేస్తాను. పగలంతా నేను పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షన్‌లో ఉంటాను. వచ్చినవాళ్ళకు టైం ఇవ్వడం, ఫోన్లు ఎత్తడం నా పని. డాక్టరుగారి స్నేహితులు వస్తే కాఫీ కలపడం కూడా నా పనే అయింది, ఎలా అయిందో నాకు తెలియదు. "మీరు కలిపితే రుచే వేరమ్మా" అన్నారు ఒకసారి, అంతే. అక్కడ కప్పులు కడిగి ఇంటికొచ్చి ఇక్కడి కప్పులు కడిగి, అప్పుడు టైపు చేయడానికి కూర్చుంటాను.

నిజానికి మొదట్లో నేనూ అత్తయ్యలాగే చేతబడులు, నల్లపిల్లులు అనుకున్నాను. అదేం కాదు. విక్కా అంత పాతది కూడా కాదు, గత శతాబ్దం మధ్యలో ఇంగ్లండులో కొందరు పాత నమ్మకాల ముక్కల్ని ఏరి కుట్టుకున్న మతం. వాళ్ళకి సైతాను లేడు. దేవుడితో పాటు దేవత ఉంది, చాలామందికి ఆవిడే ముందు. పిల్ల, తల్లి, ముసలావిడ అని ఆవిడకి మూడు ముఖాలు. మిగతా మతాల్లో ఒక ప్రవక్తో, ఒక గ్రంథమో, ఒక కట్టడమో ఉంటే, వీళ్ళకి అందరూ ఒప్పుకుని తీరాల్సిన పుస్తకమంటూ లేదు. ఎక్కడ కూర్చుంటే అక్కడే తమ చుట్టూ ఒక వలయం గీసుకుంటారు. పూజ అయ్యేదాకా అదే వాళ్ళ గుడి. ఒంటరిగా ఒక ఆడమనిషి కూర్చున్నా అది పూజే. ఎవరికీ హాని చెయ్యకుండా నీకు నచ్చింది చేసుకో అన్నది వాళ్ళ నీతి. అది టైపు చేస్తూ నా వేళ్ళు ఆగిపోయాయి. ఎవరికీ హాని చెయ్యకు అన్న సగం నాకు అందరూ నేర్పారు. రెండో సగం ఇన్నేళ్ళలో ఒక్కరూ చెప్పిన పాపాన పోలేదు.

ఆయన పోలికకి నాలుగు ప్రశ్నలు పెట్టుకున్నారు. దేవుడెవరు, పుస్తకమేది, పూజ ఎవరు చెయ్యాలి, చనిపోయాక ఏమవుతాం. ఐదో ప్రశ్న నేను చేర్చాను. పుట్టకముందే పోయిన బిడ్డకి ఏం చేస్తారు?

క్లినిక్‌లో ఎవరూ లేనప్పుడు వెతికాను. ఒక మతంలో నాలుగు నెలలు నిండాక పోయిన బిడ్డకి పేరు పెట్టి, స్నానం చేయించి సమాధి చేస్తారట. ఇంకో మతంలో ఆ బిడ్డలు స్వర్గానికి వెళ్తారా లేదా అని పండితులు శతాబ్దాల పాటు వాదించుకున్నారట. జపానులో బౌద్ధులు ఆ బిడ్డల కోసం చిన్న రాతి విగ్రహాలు నిలబెట్టి వాటి మెడకి ఎర్రగుడ్డ కడతారట. ఆ ఫొటో చూసి ఫోను మోగుతున్నా ఎత్తలేకపోయాను. విక్కాలో చూస్తే, ఆ బిడ్డల కోసం ఇలాగే చెయ్యాలన్న ఒక పద్ధతి వాళ్ళకీ లేదు. కానీ చెయ్యకూడదు అని చెప్పే పెద్దమనిషి కూడా లేడు.

"ఇదెక్కడిది? నేను చెప్పలేదే," అన్నారు మా ఆయన కాగితాలు తిప్పుతూ.

"నేనే రాశాను. ఎవరైనా అడుగుతారేమోనని."

"ఇవన్నీ ఎవరడుగుతారు? నలుగురూ శాస్త్రీయంగా వినడానికొచ్చే చోట ఈ ఏడుపులెందుకు? తీసెయ్."

తీసేశాను. తీసెయ్ అన్న మాట ఆయన అంతకుముందు కూడా ఒకసారి అన్నారు, వెనకగదిలో కొత్త ఉయ్యాలని చూపించి.

ఎనిమిదో నెలలో పోయింది మా పాప. పోయిందని తెలిశాక కూడా నొప్పులు పడే కన్నాను. గదిలో అందరూ ఉన్నారు, ఏడుపు మాత్రం లేదు. నర్సు పాపని గుడ్డలో చుట్టి నా దగ్గరికొచ్చి, "ఒకసారి చూస్తారా?" అని మెల్లగా అడిగింది. నేను తల పక్కకి తిప్పేలోగా ఆయన సమాధానం చెప్పేశారు. "వద్దులెండి, తను తట్టుకోలేదు." నర్సు వెళ్ళిపోయింది. తను అంటే నేను. పక్కనే ఉన్నాను, మెలకువగానే ఉన్నాను. ఎక్కడ పెట్టారని తర్వాత అడిగితే ఆస్పత్రివాళ్ళే చూసుకున్నారన్నారు. మా మతపెద్ద ఇంటికొచ్చి, "ఊపిరి తీసుకోని బిడ్డకి కర్మలుండవమ్మా, పేరూ అక్కర్లేదు, మళ్ళీ కడుపు పండుతుందిలే" అని దీవించి వెళ్ళాడు. మళ్ళీ పండలేదు. పాప లేదన్న సంగతి నా ఒంటికి ఎవరూ చెప్పలేదు, పాలు వచ్చాయి. అత్తయ్య ఛాతీకి బిగించి గుడ్డ కట్టింది. కొన్నాళ్ళకి ఆగిపోయాయి.

అత్తయ్య ఇంకో పని కూడా చేసింది. పాప కోసం నేను పసుపుపచ్చ స్వెట్టరు అల్లాను, నా అరచేతికి కాస్త పెద్దది. ఒకరోజు స్నానం చేసి వచ్చేసరికి ఆవిడ దాన్ని విప్పి ఉండగా చుడుతోంది. "మంచి ఊలు, ఊరికే పాడవడమెందుకు," అంది నా మొహం చూడకుండా. ఆ ఉండని సొరుగులో పడేశాను. విప్పిన ఊలు తిన్నగా ఉండదు, కుట్టు పడిన ప్రతిచోటా మెలిక అలాగే ఉండిపోతుంది. ఆవిడతో కలిసి వండాను, తిన్నాను, నవ్వాను కూడా, కానీ ఆ ఒక్క పని మాత్రం క్షమించలేదు.

ఐదో ప్రశ్న తీసేసిన వారంలోనే, ఒక సెలవు రోజు మధ్యాహ్నం, నేను వెనకగదిలో వలయం వేశాను. ఇప్పుడది ఇస్త్రీ గది. ముందు ఊడ్చాను, రోజూ ఊడ్చే చీపురుతోనే. తూర్పున అగరొత్తి, దక్షిణాన కొవ్వొత్తి, పడమర గిన్నెలో నీళ్ళు, ఉత్తరాన పూలకుండీలోంచి తీసిన గుప్పెడు మట్టి. సొరుగులోంచి ఉండ తీసి పసుపుపచ్చ ఊలుతో చుట్టూ గీత వేసుకున్నాను. వలయం వేశాక మధ్యలో దాటకూడదు. తప్పనిసరైతే చేత్తో గాలిలో తలుపు గీసి, బయటికెళ్ళి, మళ్ళీ మూసెయ్యాలి. బయటివాళ్ళెవరూ పిలవనిదే లోపలికి రాకూడదు. పాపకి నేను మనసులో పెట్టుకున్న పేరొకటుంది. ఎప్పుడూ పైకి అనలేదు. అది అనడానికి నోరు తెరిచాను.

"ఇదిగో, నా కళ్ళజోడు ఎక్కడ?"

ఎప్పుడు లేచానో నాకు తెలియదు. తెలిసేసరికి హాల్లో నిలబడి ఉన్నాను, ఆయన మోచేతి పక్కనున్న కళ్ళజోడు తీసి చేతికిస్తున్నాను. "కాలికేదో చుట్టుకుంది చూసుకో, పడతావ్," అన్నారు. మంచిగానే అన్నారు. చూస్తే నా బొటనవేలికి తగులుకుని ఊలు వెనకగది నుంచి హాల్లోదాకా వచ్చింది. నా చుట్టూ నేను గీసుకున్న ఒకే ఒక్క గీత, మొదటి పిలుపుకే తెంపుకొచ్చాను. బాత్రూములోకెళ్ళి కుళాయి తిప్పి ఏడ్చాను. ఆయన మీద నాకు కోపం రాలేదు, నా కాళ్ళ మీద వచ్చింది.

తిరిగొచ్చేసరికి అత్తయ్య గుమ్మంలో ఊలు ఉండ చుడుతోంది. కొవ్వొత్తి ఆర్పేసింది గానీ మిగతావేవీ కదపలేదు.

"ఏమిటమ్మాయ్ ఇది?"

చెప్పాను. ఎవరి కోసమో కూడా చెప్పాను.

"చేతబడి కాదుగా?"

"కాదు."

"ఎవరికీ హాని లేదుగా?"

"లేదత్తయ్యా."

ఉండ నా చేతిలో పెట్టింది. "మరి మళ్ళీ ఎప్పుడు?"

మళ్ళీ లేచి పరిగెత్తనన్న నమ్మకం నాకు లేదు.

ఉపన్యాసం రోజున లైబ్రరీ హాలు నిండింది. ఆయన బాగా మాట్లాడారు, ఆ మాట ఒప్పుకోవాలి. దేవత మూడు ముఖాల గురించి చెప్తే చప్పట్లు కొట్టారు. "వలయం ఆమెది. ఆమె పిలవనిదే ఎంతటివాడైనా లోపలికి అడుగుపెట్టకూడదు," అంటే మరింత గట్టిగా కొట్టారు. "ఇదంతా టైపు చేసి చేసి మా ఆవిడ సగం మంత్రగత్తె అయిపోయింది, ఇంటికెళ్ళాలంటే భయంగా ఉందండీ," అన్నారు. అందరూ వెనక్కి తిరిగి నన్ను చూసి నవ్వారు. నేనూ నవ్వాను.

చివర్లో వెనక వరసలోంచి ఒకామె లేచింది. ఒళ్ళోని సంచీని రెండు చేతులతో పట్టుకునే లేచింది. "పుట్టకముందే బిడ్డ పోతే... ఈ మతంలో ఏమైనా చేస్తారాండీ?"

"మంచి ప్రశ్న. కానీ మన విషయం పరిధిలోకి రాదు," అని ఆయన ఇంకొకరి వైపు చెయ్యి చూపించారు. ఆమె కూర్చుంది. ఆయన నా వైపు కనీసం చూడలేదు. దాచాలని కాదు, ఆయనకి నిజంగానే ఏమీ గుర్తు రాలేదు. ఆ సంగతి ఆయన మొహంలో నాకు స్పష్టంగా కనిపించింది. ఆమెని బయట కలుద్దామనుకున్నాను. కానీ వచ్చిన పెద్దలకి టీ కప్పులు అందించమన్నారు నన్ను. అందించి వచ్చేసరికి వెనక వరస ఖాళీ.

మర్నాడు సాయంత్రం మళ్ళీ వెనకగది ఊడ్చాను. అగరొత్తి, కొవ్వొత్తి, నీళ్ళు, మట్టి, ఊలు. లోపల కూర్చున్నాక గుమ్మం దగ్గర చప్పుడైంది. అత్తయ్య చెప్పులు విడిచి నిలబడి ఉంది.

"నేను రావచ్చా?"

ఈ ఇంట్లో ఏ గదిలోకి రావడానికీ ఆవిడ ఎవరినీ అడగలేదు. నేను చేత్తో గాలిలో తలుపు గీశాను. ఆవిడ ఊలు దాటి వచ్చింది, మూసేశాను. మోకాళ్ళు పట్టుకుని మెల్లగా కూర్చుంది. కాసేపు కొవ్వొత్తిని చూసింది.

"నాకూ ఒకడున్నాడు. వీడికంటే ముందు. నీలాగే నేనూ ఒకటి అల్లి బీరువాలో దాచుకున్నాను. వీడు పుట్టాక కూడా బీరువా తీసి దాన్నే చూస్తూ కూర్చునేదాన్ని. ఇక్కడ వీడు పాలకి ఏడుస్తున్నా సరే. నువ్వూ అలా అయిపోతావేమోనని నీది విప్పేశాను." కొంగుతో ముక్కు తుడుచుకుంది. "నిన్ను అడిగి విప్పాల్సింది."

ఆవిడ చెయ్యి తీసుకుని నా ఒళ్ళో పెట్టుకున్నాను.

"ఏం పేరు పెట్టారు?" అని అడిగాను చివరికి.

"పెట్టనిచ్చారా? నాకు నేనే పెట్టుకున్నాను. మీ మామయ్యకి కూడా చెప్పలేదు."

"ఇప్పుడు చెప్పండి. ఇద్దరం చెబుదాం."

ఆవిడ గొంతు సవరించుకుంది.

"ఎక్కడున్నారిద్దరూ? కాఫీ ఏమైంది?" హాల్లోంచి వినిపించింది.

ఇద్దరం ఒకేసారి లేవబోయాం. ఆవిడ చెయ్యి నేల మీద ఆనింది, నా మోకాలు పైకి లేచింది. అలాగే ఆగి ఒకరినొకరం చూసుకున్నాం. ఆవిడకి నవ్వొచ్చింది. నాకూ వచ్చింది, వస్తూ వస్తూనే ఏడుపైపోయింది.

"కూర్చోండత్తయ్యా," అన్నాను. కూర్చుంది. నేనూ కూర్చున్నాను.

ఇంకోసారి పిలిచారు. తర్వాత అడుగుల చప్పుడు దగ్గరికొచ్చింది. ఆయన గుమ్మంలోకొచ్చి మమ్మల్ని, కొవ్వొత్తిని, నేల మీది గీతని చూశారు. లోపలికి వెయ్యబోయిన కాలు వెనక్కి తీసుకున్నారు. నిన్ననే హాలంతటికీ చెప్పిన నియమం కదా.

"పిలుస్తుంటే వినపడట్లేదా? ఏమిటిదంతా?" అన్నారు. మళ్ళీ కిందికి చూశారు. "ఈ ఊలు ఎక్కడిది?"

"మీ కూతురిది," అన్నాను.

ఆయన గుమ్మంలోనే నిలబడ్డారు. నేను తలుపు గీయలేదు. అత్తయ్య తన కొడుకు పేరు చెప్పింది. ఆ తర్వాత నేను నా కూతురి పేరు చెప్పాను, గుమ్మందాకా వినపడేలా.