మూడుసార్లు చెప్పిన మాట

భోజనాల దగ్గర కొడుకు ఫోన్ చూసి పగలబడి నవ్వాడు.

"మళ్లీ దిగింది యంత్రం! మా నాయకుడి పోస్ట్ కింద ఏం పెట్టిందో వినండి. 'దయచేసి గమనించండి. పెద్దాసుపత్రికి వెళ్లే బస్సు రావడం లేదు. రోగులు నడిచి వెళ్తున్నారు.' మూడుసార్లు పెట్టింది. అక్షరం పొల్లుపోలేదు."

"యంత్రమని మీకెవరు చెప్పారు?" అంది భార్య వడ్డిస్తూ.

"ఒకరు చెప్పాలా? మనిషైతే తిడతాడు, తిట్టించుకుంటాడు, మాట మారుస్తాడు. దీనిది చిలకపలుకు. పేరు లేదు, మొహం లేదు, బస్సు బొమ్మొకటి. అవతలి పార్టీవాళ్లు కిరాయికి తెచ్చుకున్న బాట్ ఇది. అదే 'జనం గుండె' అని ఖాతా పెట్టుకున్న మావాణ్ణి చూడు. నేను పోస్ట్ పెట్టిన నిమిషానికి 'బాగా చెప్పావన్నా' అంటాడు. మనిషంటే అలా ఉండాలి!"

"పాపం, ఆయనకి అన్నం తినే పని కూడా లేనట్టుంది."

ఎదురుగా కూర్చున్న తండ్రి చేయి కంచంలోనే ఆగిపోయింది. ఆయన ఏమీ అనలేదు. అనడానికి గొంతు లేదు.

ఆయన ఉద్యోగమంతా బస్టాండులో మైకు ముందే గడిచింది. ఏ బస్సు వచ్చిందో, ఏది రద్దయిందో ఊరికి చెప్పిన గొంతు ఆయనది. ఒక్కసారి చెబితే ఆ రొదలో వినపడదు. మాట మారిస్తే జనం తికమకపడతారు. అందుకే ఏ ప్రకటనైనా మూడుసార్లు, అవే మాటల్లో చెప్పేవాడు. క్యాన్సర్ వచ్చి స్వరపేటిక తీసేశాక పలక మీద రాసి మాట్లాడుతున్నాడు. ఆసుపత్రి బస్సు ఆగిపోయినప్పుడు కోడలి చేత ఫోన్‌లో ఖాతా తెరిపించుకున్నాడు. పేరు మాత్రం పెట్టనివ్వలేదు. "పార్టీలో వాడికి తలవంపులు" అని రాశాడు.

కోడలు నోరు తెరవబోయింది. మామగారు వద్దన్నట్టు తల ఊపి, చేయి తుడుచుకుని, పలక అందుకున్నాడు.

"బస్సు వస్తోందా?"

"రాకేం నాన్నా! నాయకుడు బస్సు ఫోటోతో సహా పెట్టాడుగా," అన్నాడు కొడుకు. అంటూనే తన గ్రూపులో రాశాడు: "ఈ బాట్‌ను అందరూ రిపోర్ట్ కొట్టండి."

సాయంత్రానికి ఆ ఖాతా మూతపడింది.

"కొత్తది తెరుద్దాం మామయ్యా. ఈసారి ఆయనకు నేనే చెప్తాను," అంది కోడలు.

"వద్దమ్మా. మైకు కట్టేశారు," అని రాసి, ఆయన పలక బోర్లించాడు.

తరువాతి వారం ఆయన ఆసుపత్రికి వెళ్లాల్సిన రోజు వచ్చింది. కోడలు డ్యూటీకి వెళ్లిపోయింది. కొడుక్కి పార్టీ మీటింగు ఉంది. "బస్సుంది కదా నాన్నా, వెళ్లిరా," అని అతను బండి తీశాడు. ఒకవేళ వస్తుందేమోనని తండ్రి బస్‌స్టాపులో ఎండలో చాలాసేపు నిలబడ్డాడు. తరువాత, తాను రాసిన ఆ రోగుల్లాగే, నడక మొదలుపెట్టాడు. ఊపిరి కోసం ఆపరేషన్‌లో మెడ దగ్గర పెట్టిన రంధ్రం గుండా రోడ్డు దుమ్మంతా పీల్చుకుంటూ ఆసుపత్రి గేటు కనపడేదాకా వెళ్లి కూలిపోయాడు. పక్క నుంచి మనుషులు వెళ్తూనే ఉన్నారు. పిలుద్దామంటే గొంతు లేదు. ఎవరో చూసి లోపలికి మోసుకెళ్లేసరికి ప్రాణం పోయింది.

కర్మకాండలయ్యాక కొడుకు ఫోన్ తీసి, ఒక్కో మాటా వెతుక్కుంటూ రాశాడు: "మా నాన్న ఇక లేరు. బస్టాండులో ఆయన గొంతు మీరంతా వినే ఉంటారు."

నిమిషం తిరగకుండా జవాబు వచ్చింది. "బాగా చెప్పావన్నా! నీ వెంటే మేమంతా!" కింద వరసగా చప్పట్ల బొమ్మలు. పంపింది 'జనం గుండె'.

అతను దాన్ని మళ్లీ చదివాడు. భార్య మామగారి ఫోన్ తెచ్చి అతని చేతిలో పెట్టింది. మూతపడిన ఖాతా, బస్సు బొమ్మ, ఆ వాక్యాలు అందులో అలాగే ఉన్నాయి. 'దయచేసి గమనించండి.' ఆ మాట వింటూనే అతను పెరిగాడు. ఆ మాట సంపాదించిన అన్నమే తిన్నాడు.

"నాకెందుకు చెప్పలేదు?" అన్నాడు చివరికి.

"నేను చెప్పకపోవడం నా తప్పే," అంది ఆమె. "మామయ్య మాత్రం చెప్పారు. మూడుసార్లు."

ఆ సాయంత్రమే అతను తన పేరుతో, తన ఫోటోతో, నాయకుడి పోస్ట్ కింద తండ్రి వాక్యాలు పెట్టాడు. అక్షరం మార్చలేదు. మూడుసార్లూ పెట్టాడు. నిన్నటిదాకా అన్నా అన్నా అని తిరిగిన గ్రూపు వెంటనే తేల్చేసింది: "ఇది మన అన్న కాదు. అన్న ఖాతాలోకి అవతలివాళ్ల బాట్ దూరింది. అందరూ రిపోర్ట్ కొట్టండి."

ఆసుపత్రి బస్సు ఇప్పటికీ రావడం లేదు. యంత్రాలు మనుషుల్లా మాట్లాడుతున్నాయని మనం భయపడుతున్నాం. భయపడవలసిందే. కానీ మెచ్చుకున్న యంత్రాన్ని మనిషని నమ్మి, కాదన్న మనిషిని యంత్రమని వెలివేసే గుణం ఏ యంత్రమూ మనకు నేర్పలేదు. అది మనదే.